తిరగతా ఉంటేనే

పూతలపట్టు దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ మలుపు.
జూన్ నెల. తోతాపురి ట్రాక్టర్లు
కాటా కోసం రాత్రంతా రోడ్డు మీదే నిలబడి,
డ్రైవర్లు ట్రాలీ కింద తువ్వాలు పరుచుకుని పడుకునే కాలం.

నాది సెకండ్ హ్యాండ్ కారు.
క్లచ్ లేదు, మార్చే గేర్లు లేవు,
ఎడమ కాలికి పనే లేదు.
వెనక సీట్లో ఐసు పెట్టె,
పెట్టెలో ముప్పై ఆరు రక్తపు గొట్టాలు,
పదకొండు లోపల చిత్తూరు ల్యాబులో ఉండాలి.
డెబ్బైలో ఉన్నాను.

ఒక కాయ దొర్లింది.
కాయ వెనకాలే ఒక పిల్లోడు.

బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టేశాను,
పని లేని ఎడమ కాలు కూడా.

వాడి మోకాలికీ నా బంపరుకీ మధ్య
ఒక మామిడికాయ పట్టేంత జాగా.
వాడు ఆ కాయే తీసుకుని
చొక్కాకి తుడుచుకుని
నా వైపు చూడనైనా చూడకుండా
కొరుక్కుంటా పోయాడు.

వెనక హారన్లు.
యాక్సిలేటర్ తొక్కాను. ఇంజను అరిచింది.
కారు కదిలింది గానీ, ఎట్లాగంటే
మత్తు దిగని మనిషిని ఆపరేషన్ బల్ల మీంచి
లేచి నడవమన్నట్టు.
ఇంకా తొక్కాను. ఇంకా అరిచింది.
కొంత దూరం అట్లానే ఈడ్చుకుని
తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోయింది.

గ్రీమ్స్‌పేటలో చెంగల్రాయులు షెడ్డు.
ఆయన బానెట్టు ఎత్తనేలేదు.
నూనె పోసే గరాటులు రెండు తీసి
మూతికి మూతి ఆనించి
సందులో సైకిల్ ట్యూబు ముక్క తగిలించాడు.

"ఇదో చూడమ్మా. గేర్లంటే మెట్లు.
నీ బండికి మెట్లు లేవు, ఏటవాలు.
ఇట్లాంటివి రెండు జతలు,
ఒకటి ఇంజను పక్క, ఒకటి చక్రాల పక్క, నడాన బెల్టు.
ఒకదాంట్లో బెల్టు పైకెక్కితే ఇంకోదాంట్లో లోపలికి దిగాల.
జోరు మీద ఇంజను పక్క ఎక్కి కూచోనుంటాది.
నిదానంగా ఆపితే నిదానంగా దిగొస్తాది,
మళ్ళా బయల్దేరను తయారు.
నువ్వు దబ్బున ఆపేస్తివి.
దిగేదానికి దానికి పొద్దేదీ?"

"ఆగినాక దిగొచ్చు కదా?"

నవ్వాడు.
గరాటులు తిప్పకుండా రబ్బరును పక్కకి లాగి చూపించాడు.
సాగింది. జరగలేదు.
"తిరగతా ఉంటేనే జరగతాది.
నిలబడిపోయినదాన్ని జరపను ఎవురి వల్లా గాదు."

"రిపేరు ఎంతవుతుంది?"

"చెడిపోతే గదా రిపేరు!
ఈసారి అట్లయితే తొక్కద్దు.
తొక్కితే బెల్టు జారి కప్పీని గీకతాది,
అప్పుడు రా, లక్ష చెప్తా.
బ్రేకు మీంచి కాలు తీసి ఉత్తగా దొర్లనీ, నాలుగు బారలు.
అదే దిగొస్తాది."
టీకి కూడా నన్ను డబ్బులు ఇవ్వనివ్వలేదు.

గొట్టాలు అప్పజెప్పాను. ఒక్కటీ పగల్లేదు.
ఆలస్యమేందని ప్రభావతి మేడం అడిగితే
రోడ్డు నిండా మామిడికాయలన్నాను.
సంతకం పెట్టాను. నా సంతకం లాగే ఉంది.

రాత్రి పన్నెండింటికి లేచి కూచున్నాను.
ఒళ్ళు మంచం మీదే ఉంది.
లోపలెక్కడో ఒక పట్టీ
ఇంకా డెబ్బై దగ్గరే, పైనే, బిగుసుకుని.
పడుకో, పడుకో అని తొక్కేకొద్దీ
అరుపే తప్ప కదలిక లేదు.

లేచాను. ఎడమ కాలే ముందు నేలకి ఆనించాను.
వసారా నుంచి కుళాయి దాకా,
కుళాయి నుంచి వసారాకి.
ఖాళీ బిందె అడ్డమొస్తే పక్కకి పెట్టి, మళ్ళీ.
ఎదురింటి కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంది.
కాట్పాడి వైపు పోయే గూడ్సు
ఎక్కడో నెమ్మదించిన చప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది పిల్లోడి చొక్కా.
పసుపు రంగు.
పై గుండీ లేదు.